విండోస్‌లో నడిచే కీబోర్డ్ లైనక్స్‌లో ఎందుకు మొండికేస్తుంది? రిపేర్‌కు ఇచ్చే ముందు ఈ పరీక్షలు చేయండి

"అన్నా, ల్యాప్‌టాప్ ఖరాబైంది. కీబోర్డ్ కొడితే ఏం వస్తలేదు. టచ్‌ప్యాడ్ గూడ కదుల్తలేదు."

పెద్ద కొడప్‌గల్ నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్. డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ కొత్తదేం కాదు. సోయా అమ్మిన డబ్బుల్లోంచి 17 వేలు పెట్టి చిన్నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చాడు. పైథాన్ నేర్చుకోవడానికి వీడు అందులో విండోస్ పక్కనే లైనక్స్ మింట్ వేసుకున్నాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మింట్ లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగిపోయింది. పాస్‌వర్డ్ కొట్టడానికి కీబోర్డ్ లేదు, క్లిక్ చేయడానికి టచ్‌ప్యాడ్ లేదు. గురువారం ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి. ఫోన్ చేసింది సోమవారం రాత్రి.

"షాపులో చూపించినవా?"

"చూపించిన అన్నా. కీబోర్డ్ మార్చాలె, అప్పటికీ కాకుంటే మదర్‌బోర్డ్ చూడాలె అంటున్నరు. 4,800 అయితదంట. బాపుకు ఇంకా చెప్పలే."

ఆ 4,800 ఖర్చు పెట్టాల్సిన అవసరం రాలేదు. కీబోర్డ్ బాగానే ఉంది, మదర్‌బోర్డ్ కూడా బాగానే ఉంది. ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు మారే దగ్గర చిక్కొచ్చింది. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్స్ వాడేవాళ్లకు ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లలో లైనక్స్ వేసుకోవాలని చూసేవాళ్లకు ఈ విషయం ముందే తెలిసి ఉంటే మంచిది.

ముందు ఒక్క ప్రశ్న: ఎక్కడి దాకా పనిచేస్తోంది?

కీబోర్డ్ చచ్చిపోయిందని తేల్చే ముందు అది ఏ స్క్రీన్ మీద పనిచేస్తోందో, ఏ స్క్రీన్ మీద ఆగిపోతోందో చూడాలి. ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు కీబోర్డ్ మూడు చేతులు మారుతుంది.

మొదట అది బయోస్ చేతిలో ఉంటుంది. మదర్‌బోర్డ్ మీదున్న సొంత ప్రోగ్రామ్ అది. విండోస్‌తో గానీ లైనక్స్‌తో గానీ దానికి సంబంధం లేదు. ఆ తర్వాత బూట్ మెనూ వస్తుంది. లైనక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లలో దీన్ని గ్రబ్ అంటారు. ఇది కూడా బయోస్ ఇచ్చిన సాయంతోనే కీలను చదువుతుంది. చివరగా మనం ఎంచుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, తన సొంత డ్రైవర్‌తో కీబోర్డ్‌ను మళ్లీ మొదటి నుంచి పలకరిస్తుంది. మా తమ్ముడి కేసులో తేడా వచ్చింది ఈ చివరి పలకరింపులోనే.

ఫోన్‌లోనే వాడికి చెప్పాను. పవర్ బటన్ నొక్కి ఆపు, మళ్లీ ఆన్ చేయగానే ఎఫ్2 కొడుతూ ఉండు. (కొన్ని కంపెనీల మోడల్స్‌లో ఎఫ్10 గానీ, డిలీట్ గానీ, ఎస్కేప్ గానీ ఉంటుంది.) బయోస్ తెరుచుకుంది.

"బాణం గుర్తుల బటన్లు కొట్టు. కదులుతున్నదా?"

"కదుల్తున్నదన్నా!"

అక్కడే సగం సమస్య తేలిపోయింది. కీ నొక్కితే సిగ్నల్ బోర్డ్ దాకా పోతోంది. మరి షాపులో ఎందుకు దొరకలేదు? గ్రబ్ మెనూ కొన్ని సెకన్లు ఆగి, ఎవరూ ఏమీ నొక్కకపోతే పైనున్న మొదటి సిస్టమ్‌లోకి, అంటే మింట్‌లోకి, వెళ్లిపోతుంది. షాపులో ఎన్నిసార్లు ఆన్ చేసినా కనిపించింది ఆ ఒక్క స్క్రీనే. కిందికి జరిపి విండోస్ ఎంచుకుని చూడలేదు. తర్వాత మేం చూస్తే విండోస్‌లో కీబోర్డ్, టచ్‌ప్యాడ్ రెండూ చక్కగా పనిచేశాయి.

మీరు కూడా ఇదే వరుసలో చూడండి:

- బయోస్‌లో కూడా పనిచేయకపోతే: కీబోర్డ్ గానీ, లోపలి రిబ్బన్ కేబుల్ గానీ, బోర్డ్ గానీ పాడై ఉండే అవకాశం ఎక్కువ. కింద చెప్పిన పవర్ రీసెట్ ఒకసారి చేసి, అప్పటికీ కాకపోతే షాపుకు తీసుకెళ్లండి.
- బయోస్‌లో, గ్రబ్‌లో పనిచేసి ఒక సిస్టమ్‌లో మాత్రం ఆగిపోతే: ఆ సిస్టమ్ డ్రైవర్‌దో, సెట్టింగ్‌దో సమస్య.
- ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి ఆగిపోతే: అంతకుముందు ఏ సిస్టమ్ వాడారు, దాన్ని షట్ డౌన్ చేశారా, రీస్టార్ట్ చేశారా అన్నది గుర్తు చేసుకోండి. జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

టచ్‌ప్యాడ్‌కు ఈ బయోస్ పరీక్ష అంతగా కుదరదు. చాలా బయోస్‌లలో టచ్‌ప్యాడ్ అసలు పనిచేయదు. దాన్ని రెండు సిస్టమ్స్‌లో పోల్చి చూడాల్సిందే.

షట్ డౌన్ అంటే షట్ డౌన్ కాదు

మా తమ్ముడితో రెండు ప్రయోగాలు చేయించాను. విండోస్‌లో "రీస్టార్ట్" కొట్టి మింట్‌లోకి వెళ్తే అంతా బాగుంది. విండోస్‌లో "షట్ డౌన్" కొట్టి, ఆన్ చేసి మింట్‌లోకి వెళ్తే కీబోర్డ్ లేదు, టచ్‌ప్యాడ్ లేదు.

వినడానికి వింతగా ఉన్నా దీనికి కారణం ఉంది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ ఫాస్ట్ స్టార్టప్ అనే ఫీచర్ తెచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రామ్‌లు మూసుకుంటాయి కానీ, విండోస్ మూలభాగం, డ్రైవర్ల స్థితి మాత్రం డిస్క్‌లో ఒక ఫైల్‌గా సేవ్ అవుతాయి. మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆ ఫైల్‌నే చదువుకుంటుంది. అందుకే తొందరగా ఆన్ అవుతుంది. ఒక రకంగా అది సగం నిద్ర. రీస్టార్ట్ కొడితే మాత్రం ఈ సగం నిద్ర ఉండదు, పూర్తిగా మూసి మళ్లీ తెరుస్తుంది.

విండోస్ ఒక్కటే ఉంటే దీంతో ఇబ్బంది లేదు. ఎలా పడుకోబెట్టిందో అలాగే లేపుకుంటుంది. మధ్యలో లైనక్స్ వస్తేనే చిక్కు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్, వైఫై, అప్పుడప్పుడు కీబోర్డ్ కూడా విండోస్ వదిలిన స్థితిలోనే ఉండిపోయి లైనక్స్ పలకరింపుకు పలకవు.

దీన్ని ఆపేయడం తేలిక. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరవండి. హార్డ్‌వేర్ అండ్ సౌండ్, అందులో పవర్ ఆప్షన్స్, ఎడమ పక్కన "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ". పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" నొక్కితే కింద "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" దగ్గర టిక్ తీసే వీలొస్తుంది. టిక్ తీసి సేవ్ చేయండి. ఒక్కసారికి మాత్రమే పూర్తి షట్ డౌన్ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చేస్తే సరిపోతుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చాక ఆ టిక్ మళ్లీ పడిందేమో ఒకసారి చూసుకోండి.

ఇందులో కీబోర్డ్ కన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. విండోస్ సగం నిద్రలో ఉన్నప్పుడు దాని డ్రైవ్‌లను లైనక్స్ నుంచి తెరిస్తే, చదవనిస్తుంది కానీ రాయనివ్వదు, లేదా అసలు తెరుచుకోవు. బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. మా తమ్ముడి ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ విండోస్ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. రెండు సిస్టమ్స్ నుంచీ ఒకే ఫైళ్లు వాడేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్ ఆపక తప్పదు.

ఆపి ఆన్ చేసినా ఎందుకు బాగుపడలేదు?

"షాపులో పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసిన్రు అన్నా" అన్నాడు వాడు. నిజమే, కానీ ల్యాప్‌టాప్ ఆఫ్ అయినంత మాత్రాన లోపల అన్నిటికీ కరెంట్ ఆగదు. కీబోర్డ్, పవర్ బటన్, ఫ్యాన్, చార్జింగ్ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ ఉన్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. దానికి తిక్క పడితే స్క్రీన్ ఆరిపోయినా తిక్క పోదు.

దానికి మందు పవర్ రీసెట్. ల్యాప్‌టాప్ షట్ డౌన్ చేయండి. చార్జర్ తీసేయండి. పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ పీకేయండి. బ్యాటరీ బయటకు వచ్చే మోడల్ అయితే అది కూడా తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. వదిలేసి, మళ్లీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి. కొన్ని మోడల్స్‌లో వెనకాల పిన్ను పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది, అది ఇందుకే. ఏ రంధ్రం పడితే ఆ రంధ్రంలో పిన్ను పెట్టకండి, మీ మోడల్ మాన్యువల్ చూసుకున్నాకే పెట్టండి.

నిజంగా పాడైందా, లాక్ పడిందా?

ముందుకు వెళ్లే ముందు మూడు చిన్న విషయాలు చూడండి. ఇవి నవ్వొచ్చేంత చిన్నవే, కానీ గంటలు తినేస్తాయి.

ఒకటి, టచ్‌ప్యాడ్ లాక్. పైవరుస ఎఫ్ కీల మీద టచ్‌ప్యాడ్ బొమ్మ ఉంటుంది. ఎఫ్‌ఎన్ పట్టుకుని దాన్ని నొక్కితే టచ్‌ప్యాడ్ ఆగిపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ లాక్ ఆ చిప్‌లోనే గుర్తుండిపోతుంది. విండోస్‌లో పొరపాటున నొక్కితే లైనక్స్‌లోనూ ఆగిపోయే ఉంటుంది.

రెండు, తెలుగు లేఅవుట్. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే సమస్య ఇది. లైనక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టుకుని, లాగిన్ స్క్రీన్‌లో కూడా అదే ఎంపికై ఉంటే మనం కొట్టే ఇంగ్లీష్ పాస్‌వర్డ్ లోపల తెలుగు అక్షరాలుగా పడుతుంది. కనిపించేవి చుక్కలే కాబట్టి మనకు తెలియదు. "పాస్‌వర్డ్ తప్పు" అంటూనే ఉంటుంది. లాగిన్ స్క్రీన్ మూలన భాష గుర్తు ఉంటుంది, అది ఇంగ్లీష్‌లో ఉందో లేదో చూడండి. విండోస్‌లో అయితే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

మూడు, విండోస్‌లో ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు అదిమి పట్టుకుంటే ఇది ఆన్ చేయాలా అని అడుగుతుంది. తెలియక ఎస్ కొడితే ఆ తర్వాత మామూలుగా టైప్ చేస్తే కీలు పలకవు, కాసేపు నొక్కి పట్టుకుంటేనే పలుకుతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, కీబోర్డ్ దగ్గర ఆపేయండి.

లైనక్స్‌లో మాత్రమే కీబోర్డ్ లేకపోతే

పైవన్నీ చేసినా కాలేదంటే, ముందు ఒక యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. అవి లేకుండా ఏ రిపేరూ చేయలేం. రెండు సిస్టమ్స్ వాడేవాళ్ల ఇంట్లో ఒక చవక వైర్ కీబోర్డ్ ఉండటం మంచిది.

మొదటి పని అప్‌డేట్. కొత్త మోడల్ ల్యాప్‌టాప్ మీద పాత లైనక్స్ వెర్షన్ వేస్తే, ఆ మోడల్‌కు కావాల్సిన సవరణ అందులో ఉండకపోవచ్చు. లైనక్స్ మూలభాగాన్ని కెర్నల్ అంటారు. కొన్ని మోడల్స్ బయోస్ కీబోర్డ్ గురించి చెప్పే వివరాలు తేడాగా ఉంటాయి. ఫలానా మోడల్‌కు ఫలానా విధంగా సర్దుకో అని కెర్నల్‌లో ఒక జాబితానే ఉంది. కొత్త కెర్నల్స్‌లో ఆ జాబితా పెరుగుతూ వస్తోంది. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో లైనక్స్ కెర్నల్స్‌లోకి వెళ్తే కొత్తది వేసుకోవచ్చు. పాతది అలాగే ఉంటుంది కాబట్టి భయం లేదు. కొత్తది కుదరకపోతే గ్రబ్‌లో పాతదాన్ని ఎంచుకోవచ్చు.

అప్‌డేట్‌తోనూ కాకపోతే రెండో పని ఒక బూట్ ఆప్షన్. ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డ్ చాలా మోడల్స్‌లో ఇప్పటికీ పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో కీబోర్డ్ కోసం ఇంటెల్ 8042 అనే చిప్ వాడారు. ఆ చిప్ విడిగా ఇప్పుడు లేకపోయినా, ఎంబెడెడ్ కంట్రోలర్ ఆ వేషమే వేస్తుంది. లైనక్స్ డ్రైవర్ పేరు కూడా ఐ8042.

గ్రబ్ మెనూలో మింట్ దగ్గర ఆగి కీబోర్డ్ మీద ఇ కొట్టండి. లైనక్స్ అనే పదంతో మొదలయ్యే లైన్ ఉంటుంది. దాని చివర క్వైట్ స్ప్లాష్ అని కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక ఖాళీ వదిలి ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో ఐ, పక్కనే 8042, చుక్క, ఆ వెంటనే రీసెట్ అని కలిపి రాయండి. ఎఫ్10 కొడితే ఆ ఆప్షన్‌తో బూట్ అవుతుంది. కీబోర్డ్ కంట్రోలర్‌ను ముందు కడిగేసి అప్పుడు పలకరించు అని దాని అర్థం. ఇది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది కాబట్టి నష్టం లేదు. పనిచేస్తే అప్పుడు గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో అదే మాట చేర్చి, టెర్మినల్‌లో అప్‌డేట్ గ్రబ్ కమాండ్ ఇస్తే శాశ్వతమవుతుంది.

టచ్‌ప్యాడ్ ఒక్కటే మొరాయిస్తే

కొత్త ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ చాలావరకు ఐ2సీ అనే వేరే దారిలో కలుస్తుంది. కాబట్టి కీబోర్డ్ బాగుండి టచ్‌ప్యాడ్ ఆగిపోవడం మామూలే. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో టచ్‌ప్యాడ్ మోడ్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి: అడ్వాన్స్‌డ్, బేసిక్. అడ్వాన్స్‌డ్‌లో పనిచేయకపోతే బేసిక్ పెట్టి చూడండి. లైనక్స్‌లో అది మామూలు మౌస్‌లాగా పనిచేస్తుంది. నాలుగు వేళ్ల జెస్చర్లు పోవచ్చు గానీ పని ఆగదు.

బ్లూటూత్ మౌస్: ఇది వేరే కథ

విండోస్‌లో జత చేసిన బ్లూటూత్ మౌస్‌ను లైనక్స్‌లో జత చేశారు. పనిచేసింది. మళ్లీ విండోస్‌కు వస్తే కనెక్ట్ కాదు. మౌస్ పాడైందనుకుంటారు.

జత చేసినప్పుడు మౌస్, ల్యాప్‌టాప్ ఒక రహస్య కీ పంచుకుంటాయి. మౌస్ దృష్టిలో విండోస్, లైనక్స్ వేరు కాదు. ఒకే బ్లూటూత్ చిప్, ఒకే అడ్రస్. లైనక్స్‌తో కొత్త కీ పెట్టుకోగానే పాతది మర్చిపోతుంది. విండోస్ మాత్రం పాత కీతోనే తలుపు తడుతూ ఉంటుంది. విండోస్ రిజిస్ట్రీలోని కీని తీసి లైనక్స్ బ్లూటూత్ ఫైల్‌లో పెట్టే పద్ధతి ఉంది గానీ, అలవాటు లేనివాళ్లకు అది సిఫార్సు చేయను. కొనేటప్పుడే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చే మౌస్ తీసుకోండి. దానికి ఈ గొడవే లేదు. రెండు మూడు ఛానళ్లు మారే మౌస్ ఇప్పటికే ఉంటే, ఒకటి విండోస్‌కు, ఒకటి లైనక్స్‌కు పెట్టి చూడండి.

బయోస్ ముట్టుకునే ముందు ఒక్క జాగ్రత్త

విండోస్‌లో బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, బయోస్ అప్‌డేట్ చేసినా సెక్యూర్ బూట్ మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డేటా తిరిగి రాదు. ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే మరీ ముఖ్యం. ఆ కీ పాత ఓనర్ అకౌంట్‌లో ఉండిపోయి ఉండొచ్చు.

ఎప్పుడు షాపుకు వెళ్లక తప్పదు?

బయోస్‌లో కూడా కీలు పలకనప్పుడు, నీళ్లో చాయో ఒలికినప్పుడు, ఒకే వరుస కీలు అన్ని సిస్టమ్స్‌లోనూ పోయినప్పుడు. ఇంకొకటి: టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిపడినా, పైకి ఉబ్బినట్టు కనిపించినా కింద బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించాలి. చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, వాడటం ఆపి వెంటనే తీసుకెళ్లండి. అది నిప్పుతో వ్యవహారం.

వెళ్లినప్పుడు "కీబోర్డ్ పోయింది" అని చెప్పకండి. "బయోస్‌లో పనిచేస్తోంది, విండోస్‌లో పనిచేస్తోంది, లైనక్స్‌లో మాత్రం లాగిన్ దగ్గర ఆగిపోతోంది" అని చెప్పండి. అంత వివరంగా చెబితే, బాగున్న పార్టు మార్చే ముందు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. పల్లె నుంచి బస్సెక్కి రెండుసార్లు తిరిగే పని కూడా తప్పుతుంది.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కు అయిన ఖర్చు సున్నా. ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసి, ఒకసారి పవర్ రీసెట్ చేశాక మింట్‌లో కీబోర్డ్, టచ్‌ప్యాడ్ రెండూ వచ్చేశాయి. ప్రాజెక్ట్ బుధవారం రాత్రే పూర్తి చేశాడు. చిన్నాన్నకు జరిగింది చెప్పాడట. ఆయన అడిగింది ఒక్కటే: "మరి షట్ డౌన్ కొడితే షట్ డౌన్ కాకపోవుడేందిరా?"